క్వీన్స్‌లో మా ఏరియా పొలిటికల్ క్లబ్: ఏడాదికి 25 డాలర్లు కడితే ఏం దొరుకుతుంది

న్యూయార్క్‌లో ఉంటూ సిటిజన్‌షిప్ వచ్చిన తెలుగువాళ్ళు ఎవరు కనిపించినా నేను చెప్పేది ఒకటే, మీ ఏరియాలో పొలిటికల్ క్లబ్ ఎక్కడుందో కనుక్కుని చేరిపోండి. నేను క్వీన్స్‌లో డెమోక్రటిక్ పార్టీ క్లబ్ ఒకదాంట్లో మెంబర్‌ని. రిపబ్లికన్లకీ ఇలాంటి క్లబ్బులున్నాయి, మీది ఏ పార్టీ అయితే అందులో చేరండి, ఇక్కడ రాసిందాంట్లో చాలా భాగం అక్కడికీ వర్తిస్తుంది. క్లబ్ పేరు మాత్రం రాయను. కింద కొన్ని ఫిర్యాదులున్నాయి. అక్కడ పనిచేసేవాళ్ళంతా పైసా తీసుకోకుండా ఆఫీసు నుంచి తిండి కూడా తినకుండా నేరుగా మీటింగుకి వచ్చేవాళ్ళు, వాళ్ళని పేరు పెట్టి ఎత్తిచూపడం నాకిష్టం లేదు.

చందా ఏడాదికి 25 డాలర్లు. స్టూడెంట్లకీ రిటైరైనవాళ్ళకీ ఇంకా తక్కువ. నా రేటింగ్ ఐదుకి నాలుగు.

ఇది పార్టీ ఆఫీసు అనుకోకండి. చుట్టుపక్కల ఉండే పార్టీ ఓటర్లు కలిసి పెట్టుకున్న సంఘం, అంతే. నెలకొక మీటింగు, చర్చి బేస్‌మెంట్‌లోనో లైబ్రరీ గదిలోనో. మడత కుర్చీలు మనమే వేసుకోవాలి, అయ్యాక మనమే సర్దాలి. మన కౌన్సిల్ మెంబరో అసెంబ్లీ మెంబరో వచ్చి కాసేపు మాట్లాడి ప్రశ్నలు తీసుకుంటారు. నాకు మొదటి నుంచీ బాగా నచ్చింది ఇదే. స్టేజీ మీద దండలు వేయించుకుని వెళ్ళిపోయే పద్ధతి ఇక్కడ లేదు, ఎదురు కుర్చీలో కూర్చుని మా వీధిలో వాననీళ్ళు బేస్‌మెంట్లలోకి ఎందుకొస్తున్నాయో, డ్రైనేజీ పని ఎక్కడ ఆగిందో జవాబు చెప్పాలి. 2021 సెప్టెంబర్ మొదటి తారీఖు రాత్రి ఐడా తుఫాను వానకి క్వీన్స్‌లో బేస్‌మెంట్ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు నీళ్ళు నిండి చనిపోయారు, రెండేళ్ళ పసివాడితో సహా. అందుకే మా వైపు ఆ ప్రశ్న ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు, అడిగితే ఆయన దాటేసి పోలేరు కూడా. ఎందుకంటే వచ్చే ఎన్నికకి ఆయన కోసం సంతకాలు పట్టాల్సింది ఆ గదిలో కూర్చున్నవాళ్ళే.

ఈ సంతకాల సంగతి వివరంగా చెప్పాలి, క్లబ్ బలమంతా అక్కడే ఉంది. న్యూయార్క్‌లో ప్రైమరీ, అంటే పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఆ పార్టీ ఓటర్లే తేల్చే ఎన్నిక, దాని బ్యాలెట్ మీద పేరు రావాలంటే డిపాజిట్ కట్టి నామినేషన్ వేసే పద్ధతి కాదు. పిటిషన్ మీద ఓటర్ల సంతకాలు తేవాలి. సిటీ కౌన్సిల్‌కి 450, స్టేట్ అసెంబ్లీకి 500, స్టేట్ సెనేట్‌కి 1,000, మేయర్ పదవికి 3,750. పెట్టేవాళ్ళు ఆ పార్టీలో నమోదైన ఓటరై ఉండాలి, ఆ డిస్ట్రిక్ట్‌లోనే ఉంటుండాలి, అదే పదవికి అప్పటికే ఇంకొకరికి పెట్టి ఉండకూడదు. తారీఖు, అడ్రసు అన్నీ సరిగ్గా ఉండాలి. పట్టిన మనిషి షీటు కింద సాక్షిగా సంతకం చేయాలి. తర్వాత ఎదుటి పక్షం లాయర్లు ఒక్కొక్క గీత చూసి ఎలక్షన్ బోర్డులో అభ్యంతరాలు వేస్తారు, కొన్ని కోర్టు దాకా పోతాయి. కాబట్టి కావాల్సినదానికి రెండింతలు, మూడింతలు తెచ్చేదాకా ఎవరికీ నిద్ర పట్టదు.

ఇదంతా జరిగేది ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా. అంటే చేతులు కొంకర్లు పోయే చలిలో, సూపర్ మార్కెట్ల ముందూ సబ్‌వే మెట్ల దగ్గరా, ఇంటింటి తలుపులు కొడుతూ. డబ్బున్న క్యాంపెయిన్లు మనుషుల్ని జీతానికి పెట్టుకుంటాయి, కానీ జీతానికి వచ్చిన మనిషికి ఏ బిల్డింగులో తలుపు ఎవరు తీస్తారో, ఏ మూల మీద నిలబడితే మన డిస్ట్రిక్ట్ వాళ్ళు దొరుకుతారో, ఏ మూల దాటితే పక్క డిస్ట్రిక్ట్ అవుతుందో ఎలా తెలుస్తుంది? ఆ తెలివి క్లబ్‌లో ఉంటుంది. ఒక పెద్దావిడ నాకు ఇది నేర్పారు. వీధిలో ఏ పక్క సరి నంబర్లు, ఏ పక్క బేసి నంబర్లు, గీత సరిగ్గా ఎక్కడ పోతుందో ఆవిడకి మ్యాప్ అక్కర్లేదు. ఓటరు లిస్టు పట్టుకుని తలుపు కొట్టగానే మొదట మన పేరు, మన వీధి చెప్పాలి, కాగితం తర్వాతే బయటికి తీయాలి, ఇంట్లో పేరు ఎలా రాసుకుని రిజిస్టర్ చేసుకున్నారో అలాగే రాయించాలి, ఇవన్నీ పక్కన నిలబడి చూపించారు. ఏ వెబ్‌సైటూ ఇది నేర్పదు.

మా వీధికి దగ్గర్లోనే లిస్టులో ఒక తెలుగు ఇంటిపేరు కనిపించింది. తలుపు తీసినావిడ నన్ను చూడగానే, "ఏమ్మా, తెలుగువాళ్ళేనా? ఏ ఊరు మీది?" అని లోపలికి రమ్మన్నారు. కాగితం చూపిస్తే వెంటనే అనుమానం, "ఇందులో సంతకం పెడితే ఓటు వేసేసినట్టేనా?" అని. "లేదు పిన్నిగారూ, ఈయన పేరు బ్యాలెట్ మీదికి రానివ్వడానికి మాత్రమే, జూన్‌లో మీకు నచ్చినవాళ్ళకి వేసుకోవచ్చు" అన్నాక చదివి పెట్టారు. చదవకుండా పెట్టకపోవడం నాకు చాలా నచ్చింది. వాళ్ళాయన కూడా పెడతానని వచ్చారు, కానీ ఆయన పేరు నా లిస్టులో లేదు. సిటిజన్ అయినప్పుడు ఓటరు ఫారం నింపుతూ మనకెందుకు పార్టీ గొడవ అని ఏ పార్టీ వద్దన్న గడిలో టిక్ పెట్టారట.

మనవాళ్ళు చాలామంది చేసేది ఇదే, దీనివల్ల పోయేది చాలా పెద్దది. న్యూయార్క్‌లో ప్రైమరీలు పార్టీలో నమోదైనవాళ్ళకి మాత్రమే. సిటీలో చాలా చోట్ల అసలు పోటీ అంతా డెమోక్రటిక్ ప్రైమరీలోనే తేలిపోతుంది, నవంబర్‌లో జరిగేది దాదాపు లాంఛనం. అంటే పార్టీ వద్దన్న మనిషి తన కౌన్సిల్ మెంబర్ని ఎంచుకునే అసలు ఓటు వదులుకున్నట్టే. 2019లో ఓటర్లు ఒప్పుకున్నాక 2021 నుంచి సిటీ పదవుల ప్రైమరీల్లో ఐదుగురి దాకా వరస క్రమంలో ఎంచుకునే పద్ధతి వచ్చింది, మొదటివాళ్ళు ఓడిపోతే మన ఓటు రెండోవాళ్ళకి పోతుంది. ఇంత మంచి సదుపాయం ఉండి కూడా గుమ్మం బయటే నిలబడటం నాకు బాధగా ఉంటుంది.

నాలుగు నక్షత్రాల్లో రెండు కౌంటీ కమిటీకి ఇస్తాను. ఇది చాలామందికి తెలీని సంగతి. పార్టీకి అన్నిటికంటే కింది మెట్టు ఇది, కొన్ని బ్లాకులు కలిసిన ఒక్కో ఎలక్షన్ డిస్ట్రిక్ట్ నుంచి ఇద్దరి నుంచి నలుగురి దాకా పార్టీ ప్రతినిధులు ఉంటారు. మన పల్లెలో వార్డు మెంబరంత చిన్న పరిధి, జీతం లేదు. సంతకాలు ఆ కొన్ని బ్లాకుల్లో ఉన్న పార్టీ ఓటర్లలో ఐదు శాతం చాలు, అంటే ఒక ఆదివారం మధ్యాహ్నం పని. ఎదురు ఎవరూ నిలబడకపోతే పేరు బ్యాలెట్ మీదికి కూడా రాదు, గెలిచినట్టే. ఇంత తేలికైన సీట్లు ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉంటాయి. అయితే ఎవరికి కావాలి అంటారేమో. అసెంబ్లీ మెంబరో స్టేట్ సెనేటరో మధ్యలో దిగిపోతే వచ్చే స్పెషల్ ఎలక్షన్‌కి ప్రైమరీ ఉండదు, పార్టీ అభ్యర్థిని తేల్చేది పార్టీ కమిటీలే. పార్టీ గెలుపు ఖాయమైన చోట అలా ఎంపికైన మనిషి చాలా ఏళ్ళు అక్కడే కూర్చుంటారు. ఆ కుర్చీలు ఖాళీగా ఉన్నంత కాలం ఆ నిర్ణయం నలుగురైదుగురి చేతుల్లో ఉంటుంది. మా క్లబ్ చేసే మంచి పని ఏంటంటే ఖాళీల లిస్టు దగ్గర పెట్టుకుని కొత్తగా వచ్చినవాళ్ళని మీ బ్లాకుకి మీరు నిలబడతారా అని అడుగుతుంది. అలా నిలబడినవాళ్ళలో డెలివరీ పనిచేసే కుర్రాడు, స్కూల్లో వంట చేసే ఆవిడ ఉన్నారు.

దానికి పైమెట్టు డిస్ట్రిక్ట్ లీడర్, అదీ జీతం లేని పార్టీ పదవే, ఓటర్లు ఎన్నుకునేదే. కౌంటీ పార్టీ అధ్యక్షుడు ఎవరన్నది తేల్చేది ఈ లీడర్లు. చిన్న పదవి అనిపిస్తుంది గానీ చరిత్ర చూస్తే కాదు. మాన్‌హాటన్‌లో ట్యామనీ హాల్ అనే పార్టీ యంత్రాంగానికి చివరి పెద్ద బాస్ కార్మైన్ డిసాపియో కూలింది ఇలాంటి ఎన్నికలోనే. గ్రీనిచ్ విలేజ్‌లో విలేజ్ ఇండిపెండెంట్ డెమోక్రాట్స్ అనే క్లబ్ 1961లో ఆయన్ని డిస్ట్రిక్ట్ లీడర్ సీటులో ఓడించింది. 1963లో మళ్ళీ వస్తే అదే క్లబ్ తరఫున ఎడ్ కోచ్ అనే లాయర్ 41 ఓట్ల తేడాతో గెలిచాడు, తర్వాత ఆయనే కాంగ్రెస్‌కి, 1978లో మేయర్ కుర్చీకి వెళ్ళాడు. 41 ఓట్లంటే ఒక్క అపార్ట్‌మెంట్ బిల్డింగు. బ్రూక్లిన్‌లో షర్లీ చిషోమ్ కథ కూడా అంతే. 1960లో మొదలైన యూనిటీ డెమోక్రటిక్ క్లబ్‌లో పనిచేసి 1964లో స్టేట్ అసెంబ్లీకి, 1968లో కాంగ్రెస్‌కి గెలిచింది, కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. నేను రివ్యూలో చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే చర్చి బేస్‌మెంట్‌లో కుర్చీలు సర్దేటప్పుడు ఇదంతా ఎందుకు అనిపిస్తుంది కాబట్టి. ఎందుకో ఇందుకు.

ఇక ఒక నక్షత్రం ఎందుకు తీసేశానో. ఎండార్స్‌మెంట్ మీటింగు. క్లబ్ ఎవరిని సమర్థించాలో మెంబర్లు ఓటేసి తేల్చే రోజు. ఏడాది పొడుగునా ఇరవై ముప్ఫై మంది కనిపించే గదిలో ఆ రోజు నిలబడటానికి చోటు ఉండదు, చాలా ముఖాలు ముందెప్పుడూ చూడనివి, అందరి చందా ఒకే వారంలో కట్టినది. దీన్ని ఆపడానికే చందా కట్టి ఇన్ని రోజులైతే తప్ప, ఇన్ని మీటింగులకి వస్తే తప్ప ఓటు లేదని క్లబ్బులు నియమాలు పెట్టుకుంటాయి, మా దాంట్లోనూ ఉంది. కానీ గడువు ముందే తెలిసిన అభ్యర్థులు ముందే మనుషుల్ని చేర్పిస్తారు. పైగా అభ్యర్థికి రెండు నిమిషాలు మాట్లాడనిచ్చి, ఒకటి రెండు ప్రశ్నలు తీసుకుని, ఓటింగు అంటారు. పాతవాళ్ళు కొందరు ముందే ఒక మాట అనుకుని వచ్చారని గదిలో ఎవరికైనా అర్థమవుతుంది.

నాకు మరీ కోపం తెప్పించేది జడ్జీల సంగతి. సివిల్ కోర్టు జడ్జికి పదవీకాలం 10 ఏళ్ళు, స్టేట్ సుప్రీంకోర్టు జస్టిస్‌కి 14 ఏళ్ళు (పేరు అలా ఉన్నా న్యూయార్క్‌లో ఇది అన్నిటికంటే పై కోర్టు కాదు, కేసులు మొదట విచారించే కోర్టే). అద్దె ఇంటి కేసుల జడ్జీలు వేరే పద్ధతిలో వస్తారు గానీ, మనం బాకీ కేసులకీ యాక్సిడెంట్ కేసులకీ విడాకులకీ నిలబడేది ఇలా ఎన్నికైనవాళ్ళ ముందే. సుప్రీంకోర్టు అభ్యర్థుల్ని పార్టీ డెలిగేట్లు కన్వెన్షన్‌లో ఎంచుతారు, ఆ డెలిగేట్లుగా పంపేది ఇలాంటి క్లబ్బుల మనుషుల్నే. అలాంటిదానికి మా మీటింగులో పట్టిన సమయం వచ్చే నెల పిక్నిక్ గురించి మాట్లాడినంత కూడా లేదు. లేచి అడిగాను, అభ్యర్థుల గురించి లాయర్ల సంఘమైన బార్ అసోసియేషన్ ఇచ్చే రేటింగులైనా ముందుగా ఈమెయిల్‌లో పంపించండి అని. ఇప్పుడు పంపిస్తున్నారు. అడిగితే మారుతుంది, అది క్లబ్ మంచితనం. అడగనిదే తోచకపోవడం దాని లోపం.

ఇంకా చిన్నచిన్నవి ఉన్నాయి. మీటింగు వేళకి చిన్నపిల్లల తల్లులు రాలేరు, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు లేదు. బేస్‌మెంట్‌కి మెట్లే, లిఫ్టు లేదు. పొట్టి అక్షరాల భాష మరీ ఎక్కువ, ఏడీ (అసెంబ్లీ డిస్ట్రిక్ట్), ఈడీ (ఎలక్షన్ డిస్ట్రిక్ట్), సీసీ (కౌంటీ కమిటీ) అంటూ మాట్లాడుకుపోతుంటారు, పక్కన కూర్చున్నవాళ్ళని అడగడానికి మొహమాటపడకండి.

సిటిజన్ కానివాళ్ళ సంగతి కూడా చెప్పాలి, మనలో వాళ్ళూ చాలామందే కదా. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు పిటిషన్ మీద సంతకం పెట్టకూడదు, ఓటరుగా రిజిస్టర్ కాకూడదు, పొరపాటున జరిగినా ఇమిగ్రేషన్‌లో చాలా పెద్ద ఇబ్బంది అవుతుంది, ఎవరు ఎంత బతిమాలినా వద్దని చెప్పండి. క్లబ్‌లో ఉన్నవాళ్ళకి ఈ తేడా తెలిసి ఉండాలి, కానీ వీధిలో కాగితం పట్టుకున్న ప్రతి కుర్రాడికీ తెలియదు. గ్రీన్ కార్డు ఉంటే అభ్యర్థికి విరాళం ఇవ్వచ్చు, వీసా మీద ఉంటే ఇవ్వకూడదు. జీతం తీసుకోకుండా వాలంటీరుగా సాయం చేయడానికి వీసా మీద ఉన్నవాళ్ళకీ వీలుంది. న్యూయార్క్ సిటీలో ఇంకో విషయం, సిటీ నివాసి ఇచ్చే చిన్న విరాళానికి ఒక పరిమితి దాకా సిటీ ఎనిమిదింతలు కలుపుతుంది, అంటే 10 డాలర్లు ఇస్తే అర్హత ఉన్న అభ్యర్థికి 90 చేరుతుంది. పెద్ద డాక్టర్ల విందుకి వెళ్ళి ఫొటో దిగితేనే లెక్కలోకి వస్తామనుకునేవాళ్ళు ఇది గమనించండి.

ఏరియా సంగతుల మీద సిటీకి సలహా ఇచ్చే కమ్యూనిటీ బోర్డులకి అసలు సిటిజన్‌షిప్పే అక్కర్లేదు. సిటీలో 59 ఉన్నాయి, ఒక్కోదాంట్లో 50 మంది దాకా, బరో (క్వీన్స్, బ్రూక్లిన్ లాంటి సిటీ భాగం) ప్రెసిడెంట్ నియమిస్తారు, సగం మందిని కౌన్సిల్ మెంబర్లు సూచిస్తారు. అప్లికేషన్ ఎప్పుడు పెట్టాలో, ఏం రాయాలో మా క్లబ్ వాళ్ళే కూర్చోబెట్టి చెప్పారు. వీధికి పేరు పెట్టడం, బార్ లైసెన్సు, కొత్త బిల్డింగులకి జోనింగు (ఎక్కడ ఏం కట్టచ్చన్న నియమాలు) లాంటివి మొదట చర్చకొచ్చేది అక్కడే. ఫ్లషింగ్‌లో గణేశ గుడి ఉన్న బౌన్ స్ట్రీట్‌కి 2022లో గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అన్న పేరు కూడా తోడైంది, చూసే ఉంటారు. దీపావళికి స్కూళ్ళ సెలవు కూడా ఊరికే రాలేదు, ఏళ్ళ తరబడి మన ఉపఖండం వాళ్ళు, గయానా, ట్రినిడాడ్ నుంచి వచ్చినవాళ్ళు కలిసి తిరిగితే 2023లో స్టేట్ చట్టమైంది, 2024 నవంబర్ 1న పిల్లలు నిజంగా ఇంట్లో ఉన్నారు.

మన వాళ్ళకి రాజకీయం తెలీదనడం అబద్ధం. ఏ మండలంలో ఎవరికి టికెట్ వస్తే ఎవరు అలుగుతారో వీకెండ్ భోజనాల దగ్గర గంటలు గంటలు చెప్పగలరు, ఎన్నికలొస్తే రాత్రంతా మేలుకుని లెక్కింపు చూస్తారు. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నాక అక్కడ ఓటు లేదు, ఇక్కడ ఉంది. ఆ తెలివిలో పదో వంతు ఇక్కడి క్లబ్‌లో పెడితే వీళ్ళు ఆశ్చర్యపోతారు, నిజంగా అంటున్నాను. మా క్లబ్‌లో బంగ్లాదేశ్ వాళ్ళని చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. క్వీన్స్ బ్యాలెట్ మీద ఇంగ్లీషుతో పాటు స్పానిష్, చైనీస్, కొరియన్, బెంగాలీ ఉన్నాయి, తెలుగు లేదు. ఇంగ్లీషు చదవడం కష్టమైన అమ్మానాన్నలు ఓటరై ఉంటే వాళ్ళతో మీరు బూత్ లోపలికి వెళ్ళి సాయం చేయచ్చు, ఆ హక్కు ఫెడరల్ చట్టంలో ఉంది, వాళ్ళ యజమానీ యూనియన్ మనిషీ కాకపోతే చాలు. ఈ మాట కూడా నాకు క్లబ్‌లోనే తెలిసింది.

ఎవరికి నచ్చదంటే, నెలలో ఒక సాయంత్రం కూడా ఇవ్వలేనివాళ్ళకీ, ఒక పెద్ద నాయకుడి కోసమే చేరేవాళ్ళకీ. ఇక్కడ పని చిన్నది, నెమ్మదిగా సాగుతుంది, ఫొటోలు బాగా రావు.

చేరాలనుకుంటే మొదట మీ రిజిస్ట్రేషన్‌లో పార్టీ ఏముందో ఎలక్షన్ బోర్డు వెబ్‌సైట్‌లో చూసుకోండి. మార్చుకోవాలన్నా కొత్తగా పెట్టుకోవాలన్నా ఫిబ్రవరి 14 లోపు చేస్తేనే ఆ జూన్ ప్రైమరీకి పనికొస్తుంది, దాటితే ప్రైమరీ అయ్యేదాకా ఆపేస్తారు. క్లబ్బులు ఒకే డిస్ట్రిక్ట్‌లో రెండు మూడు ఉండచ్చు, మీ అసెంబ్లీ మెంబర్ ఆఫీసులో అడిగినా చెప్తారు, మొదటి మీటింగుకి చందా కట్టకుండానే వెళ్ళి కూర్చోవచ్చు. అక్కడ రెండు ప్రశ్నలు అడగండి. ఎండార్స్‌మెంట్‌లో ఓటు రావాలంటే చందా ఎన్ని రోజుల ముందు కట్టాలి, మా బ్లాకుకి కౌంటీ కమిటీ సీటు ఖాళీగా ఉందా. రెండో దానికి జవాబు తెలీదంటే పక్క క్లబ్‌కి వెళ్ళండి.